తూచిన చెయ్యి

కాలేజీ క్వార్టర్స్, రెండో అంతస్తు
జనవరి 11

పావుకిలో,

ఇంకా ఆ పేరేనా అని మూతి ముడుచుకోకు. పుట్టిన మూడో రోజున నాన్న నిన్ను షాపుకి తీసుకెళ్ళి కాటా మీద పడుకోబెట్టి, "ఇంకో పావుకిలో ఉంటే బావుండేది" అన్నాడట. నలభై రెండేళ్ళొచ్చినా నీకు ఆ పేరు వదల్లేదు, నాకు ఆ పిలుపు పోలేదు.

ఒక పని పడింది. ఆర్కిమెడీస్ మీద డిగ్రీ పిల్లలకి చిన్న పుస్తకం రాయమని ప్రచురణకర్తలు అడిగారు. స్నానపు తొట్టిలోంచి లేచి పరిగెత్తిన కథ అందరికీ తెలుసు, అది నేను ముట్టుకోను. నాకు ఇష్టమైంది వేరే ఉంది. ఆయన జ్యామితిని తూచేవాడు. ఒక వంపు గీత లోపల ఎంత స్థలముందో తెలుసుకోవాలంటే, దాన్ని పలుచటి రేకు అనుకుని, సన్న సన్న ముక్కలుగా చీల్చి, ఒక్కొక్కదాన్నీ త్రాసుకి ఒక పక్కన వేలాడదీసేవాడు. రెండో పక్కన త్రిభుజం. ఏ దూరంలో పెడితే కాడ సమంగా నిలుస్తుందో చూసి జవాబు పట్టుకునేవాడు. ఇదంతా బుర్రలోనే. ఆ తర్వాత, జవాబు దొరికింది గాని ఇది రుజువు కిందికి రాదని తనే ఒప్పుకుని, రుజువు విడిగా కూర్చుని రాసేవాడు. తను కనిపెట్టిన సంగతులు దూరాన ఉన్న స్నేహితులకి ఉత్తరాల్లోనే పంపేవాడు, మనలాగే.

ఇరవై ఏళ్ళుగా ఇది బోర్డు మీద చెబుతున్నాను. ఒక్కసారీ చేత్తో చేసి చూడలేదు. కాటాలవాడి కూతుర్ని అయ్యుండి. నిన్న క్లాసులో ఒకమ్మాయి, "నిజంగా తూస్తే వస్తుందా మేడం?" అంది. "వస్తుంది" అన్నాను. వస్తుందో రాదో నాకేం తెలుసు?

రెండు బొమ్మలు పంపుతున్నాను. ఒకటి పరావలయం అనే వంపు ముక్క, రెండోది అదే అడుగు, అదే ఎత్తు ఉన్న త్రిభుజం. ఇత్తడి రేకులో కోసి తూచి చెప్పు. ఎంత రావాలో చెప్పను. చెబితే నీ చెయ్యి అటు మొగ్గుతుంది.

అక్క

కాటాల షాపు, ముందు బల్ల
జనవరి 29

పంతులమ్మగారికి,

నా చెయ్యి ఎటూ మొగ్గదు. మొగ్గితే ఈ షాపు ఎప్పుడో మూతపడేది.

ఒకే రేకులోంచి రెండూ కోశాను. వంపు దగ్గర కత్తెర జారుతుంది, అందుకని కొంచెం ఎక్కువ ఉంచి ఆకురాయితో నీ గీత దాకా దించాను. మూడు రోజులు పట్టింది. చేపలమ్మే ఆవిడ కాటా బాగుచేయించుకోడానికొచ్చి కాసేపు చూసింది.

"ఏంటే తల్లీ, కిరీటం చేస్తున్నావా?"

"మా అక్క పుస్తకానికి."

"పుస్తకానికి ఇత్తడెందుకు? కాగితాలు దొరకట్లేదా ఆవిడకి?"

నాకూ అదే అనుమానం.

ఇక తూకం. నాన్న చిన్న త్రాసు నీకు గుర్తుందో లేదో, కుడి కాడ వెంట్రుకవాసి పొడుగు. ఆయన దాన్ని సరిచెయ్యనిచ్చేవాడు కాదు. "ఏ కాటానీ నమ్మకు. పళ్ళేలు మార్చి తూచు, మధ్యది తీసుకో" అనేవాడు. అలాగే చేశాను. త్రిభుజం ఎడం పళ్ళెంలో 59.7 గ్రాములు, కుడి పళ్ళెంలో 60.3. వంపు ముక్క 79.6, 80.4. అంటే అరవై, ఎనభై. మర్నాడు పొద్దున చెయ్యి తాజాగా ఉన్నప్పుడు మళ్ళీ తూచాను. అదే.

సరిగ్గా ఉందా? ముల్లు మధ్యలో నిలబడ్డప్పుడు చాలా బావుంది అక్కా. బేరాలవాళ్ళ కాటాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నష్టపోతున్నట్టుంటుంది. ఇందులో అలా లేదు.

నాన్న పోయి ఎనిమిది నెలలైంది. షాపు లైసెన్సు ఆయన పేరున ఈ అక్టోబరు దాకా చెల్లుతుంది. ఆ తర్వాత నా పేరున మార్పించుకోవాలి. ఏవేవో కాగితాలు అడుగుతారట. బావగారిని అడిగానని చెప్పు.

పావు

కాలేజీ క్వార్టర్స్
ఫిబ్రవరి 8

పావూ,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పి చదివి గట్టిగా నవ్వాను. పక్కన కెమిస్ట్రీ ఆవిడ భయపడింది. ఎనభైకి అరవై, అంటే నాలుగుకి మూడు. ఆయన చెప్పింది అదే. వంపు ముక్క ఆ త్రిభుజానికి సరిగ్గా నాలుగు బై మూడు వంతులు. రెండువేల రెండు వందల ఏళ్ళ నాటి మాట మన ముందు బల్ల మీద నిలబడింది. పళ్ళేలు మార్చడం గురించి కూడా పుస్తకంలో పెడతాను, పిల్లలకి బాగా పనికొస్తుంది.

ఇంకొకటి కావాలి. ఒక గోళం. అది సరిగ్గా పట్టే స్థూపం, అంటే గుండ్రటి డబ్బా ఆకారం. అదే స్థూపంలో పట్టే శంఖువు. మూడూ గట్టిగా, ఒకే సరుకుతో చేయించి తూచు. ఆయనకి తన జీవితం మొత్తంలో అన్నిటికన్నా గర్వంగా అనిపించింది గోళం, స్థూపం లెక్కేనట. తన సమాధి మీద ఆ బొమ్మే చెక్కమన్నాడని చెబుతారు.

మార్చి నెలాఖరుకి పంపగలవా? నాకు గడువు దగ్గర పడుతోంది.

అక్క

కాటాల షాపు
ఏప్రిల్ 2

అక్కా,

రెండు రోజులు ఆలస్యమైంది, తిట్టకు. మూడుసార్లు చేయించాల్సి వచ్చింది. వీధి చివర లేత్ పట్టే ఆయన మొదటి గోళాన్ని ముడి ఉన్న చెక్కలో తీశాడు. "ముడి ఉంటే ఏం, గుండ్రంగానే ఉందిగా" అన్నాడు. "బరువు ఒకే పక్కకి పోతుంది బాబాయ్" అంటే, బల్ల మీద దొర్లించి చూశాడు. ఎటు దొర్లించినా ఒక్క చోటే తిరిగొచ్చి ఆగింది. అప్పుడు ఒప్పుకున్నాడు. చివరికి ఒకే దుంగలోంచి, ముడి లేని చోట, మూడూ తీశాడు.

శంఖువు 110 గ్రాములు. గోళం 220. స్థూపం 331. పళ్ళేలు మార్చే తూచాను. ఆ ఒక్క గ్రాము లేత్ బాబాయిది, నాది కాదు.

ఒకటి, రెండు, మూడు. నువ్వు చెప్పకపోయినా ఈసారి నాకే తెలిసిపోయింది. ఇంత సుఖంగా ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే స్కూలు మానేదాన్ని కాదేమో.

ఇప్పుడు నా పని. తూనికల ఆఫీసుకి వెళ్ళాను. కొత్త అధికారి. ముందు బాగానే కూర్చోబెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారమ్మా ఈ పని?"

"ఇరవై నాలుగేళ్ళండీ."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నాను కదండీ."

రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పాడు. "ప్రతి పేజీలో మీ నాన్నగారి సంతకమే ఉంది."

"సంతకం ఆయనది. పని నాది. పదేళ్ళ నుంచి ఆయనకి కళ్ళు ఆనేవి కావు."

"పని సంతకం పెట్టదు కదమ్మా."

చెడ్డవాడేం కాదు. నా అవస్థ చూసి దారి కూడా చెప్పాడు. లైసెన్సు పరీక్ష రాయాలంటే డిగ్రీ ఉండాలి, అది నాకు లేదు. సూక్ష్మంగా తూచే పని నా చేత్తో నేనే చేశానని ఎక్కడైనా అచ్చులో ఉంటే, దాన్ని అనుభవం కింద లెక్క వేసుకోవచ్చట. "పత్రికైనా సరే, పుస్తకమైనా సరే. సెప్టెంబరు నెలాఖరు లోపు పట్రండి. లేదంటే అక్టోబరులో షాపుకి తాళం వెయ్యక తప్పదు" అన్నాడు.

వెంటనే నీ పుస్తకం గుర్తొచ్చింది. ముందుమాటలో ఒక్క వాక్యం చాలు అక్కా. ఇందులోని తూకాలన్నీ ఫలానా ఆవిడ, ఫలానా షాపులో తూచింది అని. చెల్లెలని కూడా రాయక్కర్లేదు. రాస్తే సంతోషమే అనుకో.

పావు

కాలేజీ క్వార్టర్స్
ఏప్రిల్ 15

పావూ,

ఒకటి, రెండు, మూడు. అద్భుతం. ఆ అధ్యాయం నిన్ననే పూర్తి చేశాను. లేత్ ఆయనకి నా నమస్కారాలు.

పరీక్ష పేపర్లు దిద్దడంతో తల ఎత్తడానికి తీరిక లేదు. ప్రచురణకర్తల తరఫున ఒక పెద్ద ప్రొఫెసరుగారు రాతప్రతి చూస్తున్నారు, వచ్చే వారం ఇంటికి వస్తానన్నారు. నీ సంగతి చూస్తాను.

అక్క

కాటాల షాపు
జూన్ 20

అక్కా,

పనిలో ఉన్నావని తెలుసు. రెండు ముక్కలు రాసి ఆపేస్తాను.

చూస్తానన్నావు. మన ఇంట్లో ఆ మాటకి అర్థం నాకు తెలియనిది కాదు. సైకిలు సంగతి చూస్తానని నాన్న అంటే నాలుగేళ్ళు వీధి గుమ్మంలో నిలబడ్డదాన్ని. కానీ నువ్వు నాన్నవి కాదుగా.

పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిందా? వెళ్తే ఆ పేజీ నకలు ఒకటి పంపినా చాలునట. అధికారిని అడిగాను.

వీధిలో అందరికీ చెప్పేశాను, మా అక్క పుస్తకంలో నా పేరు వస్తోందని. చేపలావిడ ఒక కాపీ కావాలంది. చదవడం రాదు. "నీ పేరెక్కడుందో వేలు పెట్టి చూపించు, చాలు" అంది.

పావు

కాలేజీ క్వార్టర్స్
ఆగస్టు 24

పావూ,

పుస్తకం వేరే కవరులో పంపుతున్నాను. అట్ట మీద త్రాసు బొమ్మ నేనే పట్టుబట్టి వేయించాను. కాలేజీలో చిన్న సభ పెట్టారు. అందరూ ఆ తూకాల అధ్యాయమే బావుందన్నారు.

ముందుమాట ఆఖరి నిమిషంలో కుదించాల్సి వచ్చింది. పేజీలు సరిపోలేదు. రెండో ముద్రణలో చూద్దాం. ఈలోగా ఆ ఆఫీసు వాళ్ళకి ఇంకేదైనా కాగితం చూపించడానికి వీలవుతుందేమో కనుక్కో. బావగారికి తెలిసిన వకీలు ఒకాయన ఉన్నారు.

ఒంట్లో ఎలా ఉంది? మొన్న మెడ నొప్పన్నావు కదూ. లేక అది పోయినేడా?

అక్క

కాటాల షాపు
సెప్టెంబరు 6

అక్కా,

పుస్తకం అందింది. ముందు వెతికాను, తర్వాత చదివాను.

ఇరవై మూడో పేజీలో నాన్న త్రాసు ఉంది. పళ్ళేలు మార్చడం ఉంది. నా అరవై, నా ఎనభై ఉన్నాయి. యాభై ఎనిమిదిలో దుంగ, ముడి, ఆ ఒక్క గ్రాము తేడా కూడా ఉన్నాయి. ఎంత చక్కగా రాశావో. నేను చేసిన పని ఇంత అందంగా ఉంటుందని నాకే తెలియదు. తూచి చూడగా ఇలా తేలింది అని రాశావు. తూచినది ఎవరో ఎక్కడా లేదు.

ముందుమాటలో పదకొండు మందికి కృతజ్ఞతలు చెప్పావు. లెక్కపెట్టాను, అది నా వృత్తి. టైపు చేసినమ్మాయి ఉంది, ఫొటో తీసినాయన ఉన్నాడు. పేజీలు సరిపోలేదన్నావు. ముందుమాట చివర సగం పేజీ ఖాళీగా ఉంది.

అయినా మర్చిపోయి ఉంటావులే అనుకున్నాను. నీకు అలవాటే, నా పెన్నులు తీసుకెళ్ళి మర్చిపోయేదానివి. డెబ్బై ఒకటో పేజీకి వచ్చాక ఆ మాట అనుకోలేకపోయాను. అక్కడ ఆర్కిమెడీస్ తన స్నేహితుడికి రాసిన సంగతి చెప్పావు. శంఖువు స్థూపంలో మూడో వంతని రుజువు చేసినాయన వేరొకరు. కానీ రుజువు లేకుండానే ఆ మాట మొదట అన్నవాడు డెమోక్రిటస్ కాబట్టి, ఘనతలో అతనికీ తక్కువ కాని వాటా ఇవ్వాలని ఆర్కిమెడీస్ రాశాడట. దాని కింద నువ్వు ఒక పేరా రాశావు, అలాంటి మనసు ఎంత అరుదో అని. చదువుతుంటే నాకే కళ్ళు తడిశాయి. అది రాసిన మనిషికి నా సంగతి తట్టకుండా ఎలా ఉంటుంది?

తూనికల ఆఫీసు వాళ్ళు నన్ను అక్టోబరు అయిదున రమ్మన్నారు. ఇది అడగడానికి రాయట్లేదు, చెబుతున్నాను.

చేపలావిడ రోజూ అడుగుతోంది.

పావు

కాలేజీ క్వార్టర్స్
సెప్టెంబరు 15

పావూ,

ఈ ఉత్తరం అయిదుసార్లు మొదలుపెట్టాను. మొదటి నాలుగింట్లోనూ తప్పు ఇంకెవరిదో అయింది. పేజీలది, ప్రెస్సుది, ప్రొఫెసరుగారిది.

జరిగింది చెబుతాను. ఏప్రిల్లో నువ్వడిగిన వాక్యం నేను రాశాను. నీ పేరుతో, షాపు పేరుతో, చెల్లెలన్న మాటతో. ప్రొఫెసరుగారు మా ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని, ముందుమాట చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగారు. "ఈవిడెవరు?" అన్నారు. అంతే. వెటకారం లేదు, కాదనడమూ లేదు. తెలుసుకోవాలని అడిగారు.

నేను, "మా నాన్నగారి షాపులో పనిచేసే మనిషండీ" అన్నాను.

"ఓహో. అయితే ముందుమాటలో అవసరమా?" అన్నారు. అక్కర్లేదని నేనే కలం తీసి కొట్టేశాను. ఆ వాక్యం చివర 'మా చెల్లెలు' అన్న మాట ఉంది, ఆయన అక్కడి దాకా చదవలేదు. చదివేలోపు కొట్టేశాను.

ఎందుకలా అన్నానని రోజూ నన్ను నేనే అడుగుతున్నాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తోంది. ఆయన ముందు కాటాల షాపు చెప్పుకోడానికి సిగ్గుపడ్డానా? షాపుని దాచలేదే, నాన్నగారిదని చెప్పానే. అయితే నువ్వు చదువు మానేసి షాపులో కూర్చోబట్టి నేను యూనివర్సిటీకి వెళ్ళానన్న సంగతి అక్కడ బయట పడకూడదనుకున్నానా? అదే అయ్యుండొచ్చు. లేదూ, పుస్తకంలో అందరూ మెచ్చుకునే భాగం నాది కాదని ఆ ఒక్క వాక్యం చెబుతుంది, అది భరించలేకపోయానా? ఇది రాస్తుంటే చెయ్యి ఆగింది, కాబట్టి ఇదే నిజమేమో. ఖాయంగా చెప్పలేను. డెబ్బై ఒకటో పేజీ అప్పటికే రాసి ఉంది. ప్రూఫులు దిద్దుతూ దాన్ని మూడుసార్లు చదివాను. ప్రతిసారీ నువ్వు గుర్తొచ్చావు. ప్రతిసారీ తర్వాతి పేజీ తిప్పాను.

నీ గడువు నాకు తెలుసు. షాపు పోతుందని రాశావు, చదివాను. ఆఫీసుల్లో గడువులు పొడిగిస్తారులే అని నాకు నేను చెప్పుకున్నాను.

దీనితో పాటు అధికారిగారికి ఒక ఉత్తరం పెడుతున్నాను. పుస్తకంలోని తూకాలన్నీ నీవేననీ, నీ పేరు నేనే కావాలని తీసేశాననీ కాలేజీ కాగితం మీద, సంతకంతో రాశాను. నకలు ప్రిన్సిపాలుకీ ప్రచురణకర్తలకీ పంపాను. ఏమనుకుంటారో అనుకోనీ. రెండో ముద్రణ ఎప్పుడు వేసినా మొదటి పేజీలో నీ పేరు ఉండాలని రాయించుకున్నాను. అయిదో తారీకున నేను కూడా రానా? నువ్వు రమ్మంటేనే వస్తాను.

అక్క

షాపు వెనక గది
అక్టోబరు 9

అక్కా,

నిన్ను రమ్మని రాయలేదు. రాయాలా వద్దా అని తేల్చుకునేలోపు అయిదో తారీకు వచ్చేసింది.

అధికారి నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. పక్క బల్లల దగ్గర ముగ్గురు గుమాస్తాలు, కిటికీ దగ్గర నాలాగే వచ్చిన ఇంకొకాయన ఉన్నారు. అందరూ వింటున్నారు.

"సొంత అక్కగారేనా?"

"సొంత అక్కేనండీ."

"పుస్తకం వచ్చింది ఆగస్టులో. ఈ ఉత్తరం సెప్టెంబరుది. మీ షాపు పోతుందని తెలిశాక రాశారు."

"అవునండీ."

"రేపు పైవాళ్ళు నన్ను అడుగుతారమ్మా. చెల్లెల్ని ఆదుకోడానికి అక్క రాసిన కాగితాన్ని ఎలా నమ్మావని. అచ్చు వేసినప్పుడు ఆవిడ దీన్ని పని కింద చూడలేదు. ఇప్పుడు నన్ను చూడమంటే నేనేం చెప్పను?"

కుర్చీలోంచి లేచాను. లేచి, "మా అక్క తప్పు చేసిందండీ. కావాలనే చేసింది. ఉత్తరంలో ఉన్నది నిజం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గుమాస్తా ఒకతను రాయడం ఆపి చూశాడు. "నిజమే అయ్యుంటుందమ్మా" అన్నాడు అధికారి. నీ ఉత్తరం మడిచి తిరిగి ఇచ్చాడు. లైసెన్సు కుదరదని ఫైలు మీద రాశాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లైసెన్సు గురించి ఏడవలేదు. అక్క తప్పు చేసిందన్న మాట నలభై రెండేళ్ళలో ఒక్కసారీ నా నోట రాలేదు, నువ్వెన్ని చేసినా. చివరికి అన్నాను, అదీ ముక్కూ మొహం తెలియని నలుగురి ముందు. నీ ముందు అనాల్సింది. జనవరిలో నువ్వు బొమ్మలు పంపినప్పుడే, నా పేరు వేస్తావా అక్కా అని అడగాల్సింది. అడగకపోయినా వేస్తావనుకున్నాను. నాన్న రిజిస్టర్లో సంతకం పెడుతున్నప్పుడూ ఇలాగే అనుకుని ఊరుకున్నాను. ఈ రెండూ నావి, వాటిని నీ మీద వెయ్యను.

షాపు గది మూసేశాను. తూకపు రాళ్ళు, ముద్రలు కొట్టే అచ్చులు, నాన్న త్రాసు పక్క వీధిలోని రిపేరు షాపతను తీసుకెళ్ళాడు. సోమవారం నుంచి మందుల గోడౌన్‌లో ప్యాకింగు విభాగంలో చేరుతున్నాను. అక్కడి కాటా తనే అంకె చూపిస్తుంది, దగ్గరున్న మనిషి చూసి రాసుకోవడమే.

నువ్వు ప్రిన్సిపాలుకి కూడా పంపావని చదివి నాకు భయం వేసింది, నిన్నేమంటారో అని. ఆ భయం చూసి నా మీద నాకే చిరాకేసింది.

నువ్వు రాయి, చదువుతాను. నా నుంచి మాత్రం కొన్నాళ్ళు జవాబు రాదు. ఇప్పుడు కలం పట్టుకుంటే "ఫర్వాలేదులే అక్కా" అని రాసేస్తాను. చిన్నప్పటి నుంచి ఆ ముక్క నా చేతికి అలవాటు. నిజంగా ఫర్వాలేదని నాకనిపించిన రోజున రాస్తాను. అనిపించకపోతే అదే రాస్తాను.

నీ చెల్లెలు